చెవి లేని తాళం

ఆదివారం సంతలో
పాత తాళంచెవులు కిలోల లెక్కన అమ్మే బల్ల పక్కన
తోలు సంచీ కొన్నాను, ఇరవై నాలుగు పనిముట్లది.
నెల అద్దెలో సగం అక్కడే పోయింది.
చేపలవాడు మొప్పలెత్తి చూపినట్టు
ఒక్కొక్కటే ఎత్తి చూపించాడు,
కొంకి, అర్ధచంద్రం, పాము, రంపపు పళ్ళది.
"ఇవి చేతిలో ఉంటే మోంటెవిడియోలో
నీ మాట వినని తలుపుండదు సెన్యోరా!"
మరి నీ పెట్టెకంత లావు గొలుసెందుకయ్యా
అని అడగాలని
బస్సెక్కాక తోచింది.

దోన్ ఎవుసేబియో కళ్ళజోడు నుదుటికెత్తి
ఇరవై రెండు తీసి పక్కన పెట్టాడు.
"వీటిని గోడకి తగిలించు. చూడ్డానికి బాగుంటాయి."
తన సొరుగులోంచి
తుప్పు మచ్చల ఉక్కుపుల్ల ఒకటి తీసిచ్చాడు.
వీధులూడ్చే బండి చీపురు నుంచి రాలిందట,
మురుక్కాలువ అంచున ఏరుకున్నాడట.
"ఆకురాయితో అరగదియ్యి. మంట మీద వంచు.
తలుపు దగ్గరికెళితే ముందు తోసి చూడు.
తాళం దగ్గర మాత్రం నొక్కీ నొక్కనట్టుండు."
ఇంకేదో చెప్పబోయాడు. ఈలోగా బేరమొచ్చింది.

వంటింటి బల్లకి వైసు బిగించాను.
మొదటి తాళం గాజులాంటిది,
లోపలి పిన్నులు బయటికే కనిపిస్తాయి.
నిమిషంలో తెరిచి గొప్పగా చుట్టూ చూశాను.
వంటింట్లో ఎవరూ లేరు.
తెరిచింది కళ్ళే, వేళ్ళు కాదని
రెండోది, ఇత్తడిది, చెప్పింది.

నా వేళ్ళ సంగతి చెప్పలేదు కదూ.
ఇరవై రెండేళ్ళు కోల్డ్ స్టోరేజీలో
గడ్డకట్టిన ఎద్దుమాంసం కోసిన వేళ్ళు.
ఫ్యాక్టరీ నన్ను పొమ్మనక ముందే
కొసల్లో స్పర్శ రాజీనామా ఇచ్చేసింది.
ఐదు పిన్నులు. ఒక్కటీ పలకదు.
పిన్ను కూర్చుందో, స్ప్రింగు తన్నిందో,
నా గుండే కొట్టుకుందో తేడా తెలీదు.
చెవి లేని తాళానికి
చివరికి నా చెవే ఆనించాను.
ఇత్తడి చల్లగా చెంపకి అతుక్కుంది.
గిన్నెలో మాతే టీ చల్లారిపోయింది.
మెట్ల మీద ఎదురైన గ్లాదిస్
పర్సు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంది.
ఇలాంటివి ఎంత తొందరగా తెలుస్తాయో జనానికి!

పదకొండో రాత్రి, రెండుంపావుకి,
చీమ చిటికె వేసినంత చప్పుడు.
తిరిగింది.
కాసేపు చూసి మురిసే ఓపికైనా లేక
వెంటనే మూసేశాను, నిజమో కాదో తేల్చుకుందామని.
మళ్ళీ మూడు రాత్రులు
అది నా మొహం చూస్తే ఒట్టు.

మొదటి పిలుపు వానలో వచ్చింది.
బార్రియో సూర్‌లో ఎర్మెలిందా అని, బట్టలు కుట్టే పెద్దావిడ.
గాలికి తలుపు పడిపోయిందట, తాళంచెవి లోపలే.
గుమ్మం ముందు గుడ్డ పరిచి
ఇరవై నాలుగూ పేర్చాను.
(గోడ మీంచి దించుకొచ్చాలెండి,
పనిమంతురాలిలా కనబడాలిగా.)
మోకాళ్ళ మీద ఇరవై నిమిషాలు.
ఆవిడ గొడుగు నా తల మీద, వాన ఆవిడ తల మీద.
పిన్నులన్నీ పలికాయి, ఒట్టు, అయిదూ పలికాయి.
తలుపు మాత్రం ఉలకదు.
అప్పుడు గుర్తొచ్చింది ఎవుసేబియో మాట.
లేచి భుజంతో ఒక్క తోపు.
గడియ అసలు పడనే లేదు.
వానకి ఉబ్బిన చెక్క చట్రంలో ఇరుక్కుంది, అంతే.

"ఎంతమ్మా?" అంది, నవ్వు దాచుకుంటూ.
బస్సు చార్జీ అన్నాను.
వాన పడితే ఈ ఊళ్ళో ప్రతి ఇంటా నూనెలో వేగే రొట్టె
ఆవిడ పక్కింటి నుంచి తెచ్చి
కాగితంలో చుట్టి చేతిలో పెట్టింది.
బస్సులో విప్పాను.
బొటనవేలు కొస చురుక్కుమంది.
వేలు నోట్లో పెట్టుకుని
రెండు స్టాపులు అలాగే కూర్చున్నాను.